మట్టం రాయి ఎక్కడుంది?

“సంతకం పెట్టేస్తాను పిన్నీ. ఇంక నా వల్ల కాదు.”

థూజా ఈ మాట అనేసరికి స్టేషన్ గోడగడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. మూడింటికి ఆమెను కోర్టుకు తీసుకెళ్ళే బండి వస్తుంది. బల్ల మీద టైపు చేసిన నేరాంగీకార పత్రం, దాని పక్కనే మూత తీసిన కలం. మూడు రాత్రులుగా నిద్ర లేని కళ్ళు ఆ కలం మీద నుంచి కదలడం లేదు.

దా సాన్ యీ ఆ కలం తీసుకుని మూత పెట్టి తన చేతిసంచిలో వేసుకుంది.

ఇరవై నాలుగేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, పై అధికారితో పడక రాజీనామా మొహాన కొట్టి వచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు యాంగోన్ వకీళ్ళకి కూపీలు లాగిపెట్టి బతుకుతోంది. ఈ కేసుకి మాత్రం ఏ వకీలూ ఆమెను పిలవలేదు. థూజా రెండేళ్ళుగా ఆమె ఇంట్లోనే, ముందుగదికి చెక్క అడ్డు కొట్టిన భాగంలో అద్దెకుంటోంది. పొద్దున్నే వీధి చివర నుంచి వేడి వేడి మొహిన్గా, ఆ చేపల పులుసు సేమ్యా, తెచ్చి, తను తినేముందు ఆమెకి పెట్టే పిల్ల. ఆ పిల్ల శనివారం మధ్యాహ్నం తన పై అధికారిని పదకొండో అంతస్తు నుంచి తోసి చంపిందని పోలీసుల మాట.

“పెడితే ఏమవుతుందని చెప్పారు?” అని అడిగింది సాన్ యీ.

“శిక్ష తగ్గుతుందన్నారు.”

“శిక్ష వేసేది జడ్జి. టైపు కొట్టినవాడు కాదు. మొదట్నుంచీ ఇంకోసారి చెప్పు. ఏం చూశావు, ఏం విన్నావు, అంతే. నీకేమనిపించిందో నాకొద్దు.”

థూజా చెప్పింది. ఇది నాలుగోసారి చెప్పడం. గొంతులో ప్రాణం లేదు.

చనిపోయిన ఊ న్యో మాంగ్ ప్రభుత్వ సర్వేయరు, థూజా ఆయన సహాయకురాలు. ఇంకో ఆరునెలల్లో రిటైరవుతాడు. పాత పట్టణానికీ పగోడా కొండకీ మధ్య ఉన్న ప్రాంతం రెండో మండలం. అక్కడ ఏ భవనం కొసా సముద్ర మట్టానికి నూటఅరవై అడుగులు దాటి లేవకూడదన్నది నిబంధన. ఆ ఎత్తు కొలవడానికి వీధిలో ఒక మట్టం రాయి పాతి ఉంటుంది. దాని మీద చెక్కిన అంకె నలభై ఒకటి. అంటే ఆ రాయి నెత్తి సముద్రానికి నలభై ఒక్క అడుగుల పైన ఉందని లెక్క. కొలత ఎప్పుడైనా అక్కడినుంచే మొదలు.

శనివారం సెలవు. అయినా న్యో మాంగ్ థూజాని ఇంటికొచ్చి మరీ పిలుచుకుపోయాడు. కారణం చెప్పలేదు. కొత్తగా కడుతున్న శ్వే కంకో టవర్ పదకొండో అంతస్తు అంచున ఆయన ఎరుపూ తెలుపూ చారల పలక పట్టుకుని నిలబడ్డాడు. కింద రాయి మీద కొలత యంత్రం నిలబెట్టుకుని, దాని కంటిలోంచి ఆ పలకని చూసి, వచ్చిన ఎత్తుని చేతి రేడియోలో ఆమె ఆయనకి చెప్పాలి. రెండున్నరకి ఒకసారి చూసింది. మూడింటికి ఒకసారి. మూడున్నరకి ఇంకోసారి. మూడుసార్లూ వేరు వేరు అంకెలు వచ్చాయి. ఆయన తిట్టాడు. రాసింది కొట్టేసి మళ్ళీ చూడమన్నాడు. తరవాత ఉన్నట్టుండి ఆయన గొంతు మారిపోయింది. ఏదో అనబోయాడు. కేక వినిపించింది. యంత్రాన్ని అక్కడే వదిలేసి పరుగెత్తింది. ఆమె వెళ్ళేసరికి ఆయన ఇసక కుప్ప పక్కన పడి ఉన్నాడు.

“రాయి దగ్గర నీకు వినిపించిన చప్పుళ్ళేమిటి?”

“దూరంగా పంపు చప్పుడు. చెరకు మిషను గజ్జెలు. ఆ గజ్జెల మోతకి రేడియోలో అరిచి చెప్పాల్సి వచ్చింది. నేను అబద్ధం చెప్పడం లేదు సార్, అంకె తగ్గుతోంది అన్నాను.”

“అదే మాట మేనేజరు కూడా చెప్పాడు గురువుగారూ.”

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ జో మిన్ లాట్ నిలబడి ఉన్నాడు. బుగ్గన తమలపాకు. ఒకప్పుడు సాన్ యీ కిందే పని నేర్చుకున్నవాడు. ఆమె వదిలేసిన కుర్చీలోనే ఇప్పుడు కూర్చుంటున్నాడు.

“స్టేషన్లో కలం దొంగతనం కూడా నేరమేనండీ,” అన్నాడు.

“తాళం వేసిన గదిలో మూత తీసిన కలం పెట్టడం నేను నేర్పిన పాఠం కాదు, జో.”

అతను నవ్వి, వేళ్ళు మడుస్తూ తన దగ్గరున్నవి చెప్పుకొచ్చాడు. ఒకటి, సైటు మేనేజరు కో థైక్ కింద సిమెంటు గోదాములో ఉండగా పైన గొడవ విన్నాడు. అమ్మాయి గొంతే, ఆ మాటలే. రెండు, మట్టం రాయి ఉన్నది పాఠశాల గేటు ఎదుట అని ప్రభుత్వ రిజిస్టరులోనే ఉంది. ఆ గేటు కావలివాడు ఆ మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నాడు. ఏ అమ్మాయీ రాలేదు, ఏ యంత్రమూ చూడలేదు. మూడు, అక్కడే వదిలానన్న యంత్రం ఇప్పటికీ దొరకలేదు. నాలుగు, ఆమె పుస్తకంలో అంకెలు కొట్టి తిరగరాసి ఉన్నాయి.

“బిల్డరు దగ్గర తిని అంకెలు మార్చింది. ముసలాయన పట్టుకున్నాడు. తోసేసింది. ఇందులో మీకు తెలియని ముడి ఏముంది?”

సాన్ యీ అదనంగా రెండు గంటలు గడువు అడిగింది. మూడింటి వరకూ ఎలాగూ ఉంది కదా, అంతకుమించి ఇవ్వనన్నాడు. సైటుకి వెళ్ళి చూస్తానంటే అడ్డు చెప్పలేదు. పక్కనే తవ్విన గొయ్యి వానకి నిండిపోయిందని మేనేజరు పొద్దుట్నుంచీ కాళ్ళావేళ్ళా పడుతుంటే, ఒంటిగంటకి పంపు వేసుకోమని తనే అనుమతి ఇచ్చాడట. పదకొండో అంతస్తులో కానిస్టేబులు కాపలా ఉన్నాడు కాబట్టి అక్కడ ఏదీ చెదరదన్నాడు.

సాన్ యీ లేస్తుంటే థూజా ఆమె చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి. “మీరు రాకపోయినా తప్పుగా అనుకోను పిన్నీ,” అంది. సాన్ యీ గొడుగు తీసుకుని బయటపడింది.

పన్నెండూ ఇరవై ఐదుకి పాఠశాల గేటు దగ్గర దిగింది. సన్నటి వాన. కావలివాడు ముక్కుసూటి మనిషి. శనివారం మధ్యాహ్నం భోజనానికి కూడా కదల్లేదని, బుద్ధుడి మీద ఒట్టేసి చెప్పాడు. ఆమె అతని కళ్ళలోకి చూసింది. ఇరవై నాలుగేళ్ళ అనుభవంలో అబద్ధానికి ఒక వాసన ఉంటుందని నేర్చుకుంది. ఇతని దగ్గర ఆ వాసన లేదు.

ఆమె కాసేపు అక్కడే నిలబడి చెవులు రిక్కించింది. వాన చప్పుడు. ఒక తరగతిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. చెరకు బండి ఏదని అడిగితే, ఈ వీధిలో చెరకు బండి ఎప్పుడూ లేదన్నాడు కావలివాడు.

 గజ్జెల మోత అని అంత చక్కగా చెప్పిన పిల్ల అబద్ధమాడిందా? ఇన్నాళ్ళూ ఒక కప్పు కింద ఉన్న పిల్ల గురించి తనకేమీ తెలియదా? గోడకి ఆనుకుని నిలబడింది. పోనీ సంతకం పెట్టెయ్యనీ, శిక్షైనా తగ్గుతుందేమో అని ఒక్క క్షణం తనకీ అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“సరే, రాయి ఏది?” అంది చివరికి. “నాకు చూపించు.”

“ఏ రాయండీ?”

“మట్టం రాయి. అంకె చెక్కి ఉంటుంది. నీ గేటు ఎదుటే ఉందని రిజిస్టరులో ఉంది.”

కావలివాడు బుర్ర గోక్కున్నాడు. ఉద్యోగంలో చేరి ఆరునెలలైందట. అలాంటి రాయి ఎన్నడూ చూళ్ళేదట. పోలీసులు వచ్చి, ఇక్కడ ఒక అమ్మాయి యంత్రం పెట్టుకుని నిలబడిందా అని అడిగారు, లేదన్నాడు. రాయి సంగతి వాళ్ళు అడగలేదు, తను చెప్పలేదు.

సాన్ యీ గొడుగు మూసేసి, గేటు ముందు కాలిబాట మీదికి వంగి చూసింది. పాత ఇటుకలు నల్లబడి, సందుల్లో నాచు పట్టి ఉన్నాయి. గేటుకి నాలుగడుగుల దూరంలో మాత్రం తొమ్మిది ఇటుకలు ఎర్రగా ఉన్నాయి. మూడు వరసలు, వరసకి మూడు. సరిగ్గా ఒక రాయి పెకలించి తీస్తే పడేంత గుంట.

రిజిస్టరు చెప్పింది నిజమే. కావలివాడు చెప్పిందీ నిజమే. పిల్ల చెప్పింది కూడా నిజమైతే, రాయి నడిచి వెళ్ళి ఉండాలి.

వీధి ఎగువకి మెట్లున్నాయి. వానాకాలం వస్తే ఆమె మోకాలు మొండికేస్తుంది. అయినా ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. ముప్పై ఎనిమిది మెట్లు. మెట్టుకి ఏడంగుళాలు. మొత్తం ఇరవై రెండడుగుల ఎత్తు. పై మెట్టు మీద కాలు పెట్టేసరికి గజ్జెలు గలగలమన్నాయి.

చెరకు మిషను తిప్పుతున్నది దా ఛో అనే నడివయసు మనిషి. ఆమె బండి చక్రానికి ఆనుకునే ఉంది రాయి. దాని మీద నలభై ఒకటి అన్న అంకె. కింద పోసిన సిమెంటు రాయి అంత పాతది కాదు. రాయి ఒంటి మీద పాత మట్టి చార జానెడు పైన కనిపిస్తోంది. అంటే మునుపు పాతిన చోట అది ఇంకా లోతుగా ఉండేది.

దా ఛో మొదట నోరు విప్పలేదు. తనకేం తెలియదంది, రసం తాగి వెళ్ళమంది. సాన్ యీ వాన చుక్కలు కారుతున్న మొహంతోనే ఆమె ముందు చతికిలబడింది.

“అక్కా, నేను పోలీసుని కాదు. ఆ అమ్మాయి నా ఇంట్లో ఉంటుంది. మూడింటికి తీసుకుపోతారు. నాకు వేరే దారి లేదు. కావాలంటే నీ కాళ్ళు పట్టుకుంటాను.”

దా ఛో మిషను ఆపింది. అటూ ఇటూ చూసి, బండి కింద కట్టిన గోనె పట్టా విప్పింది. లోపల ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మూడు కాళ్ళూ ముడిచిన కొలత యంత్రం ఉంది.

“ఖరీదైందని దాచాను. ఆ పిల్ల తిరిగొస్తే ఇద్దామని. పోలీసులు కింద గేటు దగ్గర అడుగుతున్నారని విన్నాను. దొంగతనం నా మీద పెడతారని నోరు మూసుకున్నాను. ఆ పిల్ల ఇక్కడే ఉంది అక్కా. కేక వినిపించేదాకా ఇక్కణ్ణుంచి కదల్లేదు. నా దగ్గర రెండు గ్లాసులు తాగింది.”

సాన్ యీ జో మిన్ లాట్‌కి ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తాడు. ఒంటిగంట నలభైకి మెట్లెక్కి వచ్చాడు. రాయిని చూశాడు, యంత్రాన్ని చూశాడు, దా ఛో చెప్పింది విన్నాడు. మొహం గంటు పెట్టుకుని వాదనకి దిగాడు. చెరకు అమ్ముకునే మనిషి మాట కోర్టులో నిలవదన్నాడు. రాయి ఎవరో జరిపితే అది హత్యకి సంబంధించిన విషయం కాదన్నాడు. అసలు రాయి ఇరవై అడుగులు పైకి జరిపితే ఎవరికి లాభమని అడిగాడు.

ఆమె ఓపిగ్గా చెప్పింది. రాయి మీద అంకె మారలేదు, రాయి మాత్రం ఇరవై రెండడుగులు పైకి పోయింది. అక్కణ్ణుంచి కొలిస్తే ప్రతి భవనమూ ఉన్నదానికంటే ఇరవై రెండడుగులు పొట్టిగా కనిపిస్తుంది. ఇరవై రెండడుగులంటే రెండంతస్తులు. శ్వే కంకో టవర్‌కి నిజానికి పది అంతస్తులు మించి లేపే హక్కు లేదు. పైనున్న రెండూ ఈ రాయి పుణ్యం.

“అది బిల్డరు దొంగతనం. ఒప్పుకుంటాను. ముసలాయన్ని తోసింది ఎవరో ఈ రాయి చెప్పదు కదా?”

“చెప్పింది. నీకు వినపడలేదు,” అంది ఆమె. “థైక్ వాంగ్మూలం ఏమిటి? గోదాములో ఉన్నాను, పైన అమ్మాయి గొంతు విన్నాను అని. నేను అబద్ధం చెప్పడం లేదు సార్, అంకె తగ్గుతోంది అన్న మాటలే. పిల్ల ఆ మాట ఎక్కడ నిలబడి అంది?”

జో మిన్ లాట్ రాయి వైపు చూశాడు.

“ఇక్కడ,” అంది ఆమె. “ఇక్కణ్ణుంచి ఆ భవనం నాలుగు వందల అడుగులు. మధ్యలో ఈ గజ్జెల మోత. ఆమె మాట ఈ ప్రపంచంలో ఒక్కచోటే వినిపించింది. న్యో మాంగ్ చేతిలో రేడియోలో. అక్షరం పొల్లుపోకుండా ఆ మాట నీకు ఒప్పజెప్పినవాడు, ఆ రేడియోకి జానెడు దూరంలో ఉన్నాడు జో. పదకొండో అంతస్తులో.”

అతను తమలపాకు ఉమ్మేశాడు.  ఆమె కుర్చీ అతనికి దక్కినప్పటి నుంచీ వాళ్ళిద్దరి మధ్యా ఎనిమిదేళ్ళుగా పగ ఉంది. అయినా పని నేర్చుకున్న చోటు ఒకటే కాబట్టి, ఆ లెక్కలో తప్పు లేదని అతనికి తెలిసిపోయింది.

“మరి అంకెలు ఎందుకు కొట్టేసింది?” అన్నాడు, గొంతు తగ్గించి.

 పుస్తకం చూపించమంది. అతని సంచిలోనే ఉంది. రెండున్నరకి తొంభై ఆరడుగుల మూడంగుళాలు. మూడింటికి అదే తొంభై ఆరడుగులు, రెండంగుళాల చిల్లర. మూడున్నరకి ఒక్క అంగుళం. కొట్టివేతలు ఉన్నది అంగుళాల దగ్గరే. లంచం తిన్నవాళ్ళు అంతస్తులు మింగుతారు గానీ అంగుళాలు మింగరు. ఆమె ఆ మూడు వరసలనీ వేలితో తడుముతూ మళ్ళీ మళ్ళీ చదివింది. పిల్ల సరిగ్గా చదివింది. యంత్రం సరిగ్గా చూపించింది. పలక పట్టుకున్న ముసలాయన కదల్లేదు. కదిలింది ఇంకేదో.

“జో, శనివారం పంపు నడుస్తోందా?”

“నడుస్తోంది. చావు జరిగాక నేనే ఆపించాను.”

“ఇవాళ?”

“ఒంటిగంట నుంచీ...” అని అతను ఆగిపోయాడు.

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

సైటులో పంపు హోరుమంటోంది. గొట్టం కొసన వీధి కాలవలోకి పడుతున్న నీళ్ళు వాన నీళ్ళలా లేవు. చిక్కటి బురద. కాలవ పక్కన సన్నటి ఇసక మోకాలెత్తు పేరుకుంది. టవర్ కింది అంతస్తులో పనివాళ్ళ సంసారాలున్నాయి. తడి లుంగీలు ఆరేసిన తాళ్ళు, పొయ్యి మీద కుతకుతలాడే అన్నం కుండలు. బో ని అనే మేస్త్రి దూలం కింద కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు. ఆమె ఆ ఇసక చూపించి, ఇదెక్కణ్ణుంచి వస్తోందని అడిగింది.

బో ని ఇసకని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. చుట్ట పారేశాడు. “ఇది గోతిలో ఇసక కాదు పెద్దమ్మా. మా పునాది కిందది. పంపు లాగేస్తోంది,” అన్నాడు.

స్తంభాలన్నిటి మీదా కట్టేటప్పుడు ఒకే మట్టానికి గీసిన ఎర్ర గీతలున్నాయి. బో ని నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం తెచ్చాడు. ఒక కొస మధ్య స్తంభం గీత దగ్గర పెట్టి, రెండో కొస గోతి వైపు మూల స్తంభానికి పట్టాడు. నీరు నిలిచిన చోటుకీ గీతకీ మధ్య నాలుగు వేళ్ళ తేడా వచ్చింది. మూల స్తంభం అంత దిగిపోయింది. నీరు సరిగా నిలిచిందో లేదోనని ఇంకో పదినిమిషాలు ఆగి చూశాడు. ఐదు వేళ్ళు.

“పునాది పది అంతస్తులకే వేశాం,” అన్నాడు బో ని.  “పన్నెండు లేపుతుంటే అడిగాను. కొలతలు పైవాళ్ళు చూసుకుంటారన్నారు.”

న్యో మాంగ్‌కి ఆఖరి నిమిషంలో అర్థమైంది అదే. తన శిష్యురాలు తప్పు చదవలేదని, తను నిలబడిన భవనమే కిందికి జారుతోందని. రేడియోలో ఆయన అనబోయిన మాట, కింద ఉన్న జనాన్ని ఖాళీ చేయించమని అయ్యుంటుంది.

జో మిన్ లాట్ ఈల ఊదాడు. ఎవరూ కదల్లేదు. పోలీసు ఈలకి పనివాళ్ళు దాక్కుంటారు గానీ బయటికి రారు. బో ని ఒక ఇనప ఊచ తీసుకుని పళ్ళెం మీద బాదుతూ పేర్లు పెట్టి పిలిచాడు. అప్పుడు వచ్చారు. చంకన బిడ్డలు, నెత్తిన మూటలు. పొయ్యి మీద కుండ వదల్లేనని మొండికేసిన ఒక ముసలమ్మని సాన్ యీ కుండతో సహా లాక్కొచ్చింది. వీధికి అవతల నిలబెట్టి లెక్కపెడితే నలభై ముగ్గురు తేలారు. ఎవరో పంపు ఆపారు. ఆ హోరు ఆగాక భవనం లోపలి నుంచి సన్నటి కిర్రుమన్న చప్పుడు వినిపించడం మొదలైంది.

“మీ కానిస్టేబులు,” అంది ఆమె.

జో మిన్ లాట్ జేబు తడుముకున్నాడు. ఘటనా స్థలం చెదరకూడదని పదో అంతస్తు మెట్ల గేటుకి తనే తాళం వేయించాడు. తాళంచెవి తన జేబులో ఒకటి, రెండోది ఒంటిగంటకి పనిముట్లు తెచ్చుకుంటానని అడిగిన కో థైక్ దగ్గర. కో థైక్ ఇంకా కిందికి రాలేదు.

“నువ్వు వెళ్ళకు, అగ్నిమాపకం వాళ్ళకి చెప్దాం,” అందామె.

“వాణ్ణి అక్కడ నిలబెట్టింది నేను,” అని అతను లోపలికి పరుగెత్తాడు.

అప్పుడు టైము రెండూ ఇరవై ఎనిమిది. కోర్టు బండిని ఆపగలిగిన మనిషి ఆ భవనంలో ఉన్నాడు. ఆమె స్టేషన్‌కి ఫోన్ చేసింది. ఇన్‌స్పెక్టర్ గారి నోటి నుంచి వస్తే తప్ప బండి ఆపలేనన్నాడు రైటరు. సంతకం పెట్టిందా అని అడిగింది. ఇంకా లేదు గానీ ఇప్పుడే వేరే కలం అడిగి తీసుకుందన్నాడు.

“నాయనా, నీకు నేను తెలియకపోవచ్చు. ఒక్క మాట ఆ పిల్ల చెవిన వెయ్యి. నీకు పుణ్యం ఉంటుంది. చెరకు బండి దొరికిందని చెప్పు. అంతే.”

 అతను సరేనని పెట్టేశాడు. చెప్పాడో లేదో తెలియదు. జో మిన్ లాట్‌కి చేస్తే ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. మూల స్తంభం మీద గచ్చు పెచ్చు ఊడి పడింది. బో ని బుద్ధుడి పేరు జపంలా గొణుక్కుంటున్నాడు. ఆమె మెట్ల గుమ్మం వైపు రెండడుగులు వేసింది. మోకాలు సహకరించలేదు. పదకొండంతస్తులు ఎక్కడం తన వల్ల కాదు. ఎక్కగలిగిన వయసులో ఉంటే బాగుండునని ఆమెకి జీవితంలో మొదటిసారి ఏడుపొచ్చింది.

రెండూ నలభై ఒకటికి కానిస్టేబులు ఒక్కడే పరుగున బయటపడ్డాడు. వెనక వస్తున్నారని మాత్రం చెప్పగలిగాడు. ఆ తరవాత నాలుగు నిమిషాలకి జో మిన్ లాట్ వచ్చాడు. చొక్కా చినిగి, కనుబొమ మీద నెత్తురు. కో థైక్ చేతులు వెనక్కి విరిచి బేడీలు వేసి ముందుకు నెట్టుకొస్తున్నాడు. వాళ్ళు వీధి దాటారో లేదో, మూల స్తంభం నడిమికి ఫెటేలున పగిలింది. భవనం గోతి వైపు ఒక మూర ఒరిగి, అలాగే నిలిచిపోయింది. లోపల పైనుంచి కిందికి సామాన్లు దొర్లుకుంటూ పోయిన చప్పుడు చాలాసేపు వినిపించింది. వీధిలో ఎవరూ అరవలేదు. నలభై ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

జో మిన్ లాట్ ముందుగా ఫోన్ తీశాడు. బండి వద్దు, అమ్మాయి చేతిలో కాగితం లాక్కుని చింపెయ్యమని చెప్పాడు. అవతలి మాట విని తల ఊపాడు. “పెట్టలేదట. కలం పక్కన పెట్టి ఏడుస్తోందట,” అన్నాడు సాన్ యీతో.

ఆమె అక్కడే ఒక ఇంటి మెట్టు మీద కూలబడింది.  అతను వచ్చి పక్కనే కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళలో అలా కూర్చోవడం అదే మొదలు.

“దిగుతూ దారిలోనే ఒప్పుకున్నాడు. తొయ్యలేదట. జనాన్ని దించమని ముసలాయన రేడియోలో చెప్పబోతుంటే లాక్కోబోయాడట. ఆయన వెనక్కి అడుగు వేశాడట.”

“ఇవాళ పైకి దేనికి వెళ్ళాడు?”

“ఆయన పలక అక్కడే పడి ఉంది. దాని మీద వీడి వేలిముద్రలున్నాయి.” అతను కనుబొమ తుడుచుకున్నాడు. “గురువుగారూ, రాయిని ఎవరు జరిపారని కూడా అడిగాను.”

“న్యో మాంగ్,” అంది ఆమె. ఆ సంగతి మెట్లెక్కినప్పుడే ఆమె మనసులో పడింది. సర్వేయరు చెయ్యి లేకుండా ఆ రాయి కదలదు. సెలవునాడు, ఎవరికీ చెప్పకుండా, రిటైరయ్యేముందు ఆయన తన తప్పు తనే కొలుచుకోవడానికి వచ్చాడు. ఆయన్ని దేవుడిలా చూసుకున్న పిల్లకి ఈ మాట ఎలా చెప్పాలో ఆమెకి తోచలేదు.

“అవును, మూడేళ్ళ కిందట ఆయనే జరిపాడన్నాడు,” అన్నాడు జో మిన్ లాట్. “కానీ అది చెప్పేముందు వాడు నన్ను ఎదురు ప్రశ్న వేశాడు.”

“ఏమని?”

అతను ఒరిగిన భవనం వైపు కాకుండా, దాని వెనక వరసగా లేస్తున్న మిగతా కట్టడాల వైపు చూశాడు.

“ఏ రాయి అని.”